రిఫైనరీ రాని ఊరు

రియో డి జనీరో నగరం నడిమధ్య, చిలీ అవెన్యూలో పెట్రోబ్రాస్ ప్రధాన కార్యాలయం ఉంది. బ్రెజిల్ జాతీయ చమురు సంస్థ అది. 1970ల నాటి ఆ కాంక్రీటు భవనంలో అంతస్తుల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు వదిలారు. బీరువాలోంచి అక్కడక్కడ కొన్ని అరలు లాగేస్తే ఎలా ఉంటుందో అలా కనిపిస్తుంది. ఆ ఖాళీల్లో తోటలు పెంచారు. దగ్గర్లోనే శంకువు ఆకారంలో నగర కెథడ్రల్, ప్రభుత్వ అభివృద్ధి బ్యాంకు కార్యాలయం. నాలుగడుగులు వేస్తే, కొండ నీళ్లను ఊళ్లోకి తేవడానికి 18వ శతాబ్దంలో కట్టిన లాపా తెల్ల తోరణాలు వస్తాయి. ఇప్పుడు వాటి మీదుగా శాంతా తెరెజా కొండకు పసుపుపచ్చ ట్రాము నడుస్తుంది.

1953 అక్టోబర్ 3న అధ్యక్షుడు జెటూలియో వర్గాస్ సంతకం చేసిన చట్టంతో పెట్రోబ్రాస్ పుట్టింది. అంతకుముందు కొన్నేళ్లు దేశమంతా ‘చమురు మనదే’ అన్న నినాదం మారుమోగింది. విద్యార్థులు, సైనికాధికారులు, రచయితలు, కమ్యూనిస్టులు ఒకే మాట మీద వీధుల్లోకి వచ్చిన అరుదైన ఉద్యమాల్లో అదొకటి. నినాదంలోంచి పుట్టిన సంస్థ మీద జనానికి ఎలాంటి హక్కుభావం ఉంటుందో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అన్న మాట వింటూ పెరిగిన తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు. రియో వీధుల్లో పెట్రోబ్రాస్ ప్రస్తావన వస్తే ఆకుపచ్చ, పసుపు రంగుల బోర్డుల పెట్రోలు బంకుల గురించి కాక, ఇంట్లో పెద్దకొడుకు గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు. గర్వం ఉంటుంది, కోపం ఉంటుంది, కానీ పరాయితనం ఉండదు. ఆ బంకుల వ్యాపారాన్ని సంస్థ ఎప్పుడో అమ్మేసింది. పేరు మాత్రం బోర్డుల మీద మిగిలింది.

సంస్థ డబ్బు ఎటు మళ్లిందో రెండు ప్రణాళికల్లో తెలుస్తుంది. 2010–14 ప్రణాళికలో మొత్తం పెట్టుబడి 22,400 కోట్ల డాలర్లు. అందులో దాదాపు మూడో వంతు చమురు శుద్ధికి, రవాణాకు, అమ్మకాలకు. 2019 చివర్లో ప్రకటించిన 2020–24 ప్రణాళిక 7,570 కోట్ల డాలర్లకు కుంచించుకుపోయింది. అందులో 85 శాతం సముద్రగర్భం నుంచి చమురూ గ్యాసూ వెలికితీయడానికే. కొత్త రిఫైనరీలన్న ఊసే దాదాపు లేదు. ఆ రెండు కాగితాల మధ్య నేల మీద ఏం జరిగిందో చూడాలంటే కార్యాలయం దగ్గర బస్సెక్కి, గ్వానబారా అఖాతం దాటి, దాదాపు యాభై కిలోమీటర్ల అవతల ఉన్న ఇతబొరాయి పట్టణానికి వెళ్లాలి.

అఖాతాన్ని దాటించేది రియో–నితెరోయ్ వంతెన. 1974లో ప్రారంభించారు. పొడవు 13 కిలోమీటర్లకు పైనే. ఓడలు వెళ్లేచోట నీటికి 72 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రైలు ఎంతసేపు నడిచినా వంతెన తరగనట్టు అనిపించడం తెలిసినవాళ్లకు కూడా ఇది కొత్త అనుభవమే. ఇక్కడ కింద ఉన్నది ప్రవాహం కాదు, సముద్రం లోపలికి వచ్చి ఆగిన నీరు. కుడివైపు షుగర్‌లోఫ్ కొండ, ఎడమవైపు ఓడలు బాగుచేసే గోదీలు, లంగరేసిన చమురు నౌకలు, మరమ్మతుకు వచ్చి నాలుగు కాళ్ల మీద నిలబడ్డ డ్రిల్లింగ్ రిగ్గులు. ఉత్తరాన, ఎండ వేడికి వణికే గాలిలో, దూకె ది కషియాస్ రిఫైనరీ పొగగొట్టాలు లీలగా కనిపిస్తాయి. 1961 నుంచి నడుస్తున్న రిఫైనరీ అది.

ఆ గొట్టాల చుట్టూ చెడ్డ జ్ఞాపకం ఒకటుంది. 2000 జనవరి 18న రిఫైనరీకి చెందిన పైపులైను పగిలి 13 లక్షల లీటర్ల ఇంధన నూనె అఖాతంలోకి పోయింది. నల్లటి జిడ్డు అలల మీద తేలి మజే పట్టణం వైపు మడ అడవుల్లోకి చేరింది. పీతలు పట్టేవాళ్లు, వలలు వేసేవాళ్లు ఉపాధి పోగొట్టుకుని కోర్టుల చుట్టూ తిరిగారు. రియో నగర చిహ్నంలో రెండు డాల్ఫిన్లుంటాయి. అవి ఒకప్పుడు ఈ నీళ్లలో వందల్లో తిరిగేవి. ఇప్పుడు పదుల్లోనే మిగిలాయి. నేరం చమురొక్కదానిదే కాదు. నగరాల మురుగునీరు, ఓడల రొద, వలలు, అన్నీ కలిసి చేసిన పని. అయినా అఖాతం ఒడ్డున ఇంకో రిఫైనరీ కడతామన్నప్పుడు జాలరుల కళ్ల ముందు మెదిలింది మాత్రం 2000 జనవరే.

వంతెనకు మరో జ్ఞాపకం కూడా ఉంది. 2015 ఫిబ్రవరిలో, అవతలి ఒడ్డున ఆగిపోయిన నిర్మాణంలో పనిచేసి జీతాలందని కార్మికులు ఈ వంతెన మీదికి నడిచి వచ్చి వాహనాలను ఆపేశారు. హెల్మెట్లు, పని దుస్తులు వేసుకున్న మనుషులు సముద్రం మీద వరస కట్టి నడిచిన ఆ రోజే ఇతబొరాయిలో ఏదో కూలిపోతోందని రియో నగరానికి తెలిసింది.

నితెరోయ్ దాటాక సావో గోన్సాలో. పది లక్షల జనాభాకు దగ్గరున్న పట్టణమది. పర్యాటకుల పటాల్లో కనపడదు. బస్సు నిండిపోతుంది. అప్పుడు కూర్చున్నవాళ్లు చేయి చాచి, నిలబడ్డవాళ్ల సంచులు అడిగి తీసుకుని ఒళ్లో పెట్టుకుంటారు. ముక్కూమొహం తెలియని మనిషి పుస్తకాల సంచి, కూరగాయల సంచి మరో తెలియని మనిషి ఒడిలో పదిహేను కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. దిగేటప్పుడు ‘దేవుడు తోడుండాలి’ అన్న అర్థం వచ్చే మాట ఒకటి, బొటనవేలు పైకెత్తడం ఒకటి. తెలుగునాట పల్లెవెలుగు బస్సులో చంటిపిల్లల్ని సైతం అలాగే అందుకుంటారు. దాదాపు పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల అదే మర్యాద చూశాక, కిక్కిరిసిన బస్సులు ఎక్కడున్నా మనుషులకు ఒకే పాఠం నేర్పుతాయేమో అనిపిస్తుంది.

మనీల్యా కూడలి దగ్గర రోడ్డు చీలుతుంది. అక్కడి నుంచి నేల ఎరుపెక్కుతుంది. ఇతబొరాయి మట్టికి పేరున్న ఊరు. ఇటుకలు, పెంకులు, కుండలు కాల్చే బట్టీలు తరతరాలుగా ఉన్నాయి. హైవే పక్కన మట్టి కుండీలు, బొమ్మలు వరసగా పేర్చి అమ్ముతారు. ఒకప్పుడు నారింజ తోటలకూ ఈ ఊరు పెట్టింది పేరు. బ్రెజిల్ తొలి జనాదరణ నవలల్లో ఒకటైన ‘ఆ మొరెనీన్యా’ రాసిన జోక్వీం మానుయెల్ ది మసేదో 1820లో ఇక్కడే పుట్టాడు. ఉత్తరాన సెర్రా దోస్ ఆర్గావోస్ పర్వతాలు గోడలా నిలబడతాయి. వాటిలో ఒక శిఖరం ఆకాశం వైపు చూపుడువేలు చాపినట్టు ఉంటుంది. దాన్ని ‘దేవుడి వేలు’ అంటారు. మబ్బు లేని ఉదయం ఇతబొరాయి నుంచి అది స్పష్టంగా కనిపిస్తుంది.

2006లో పెట్రోబ్రాస్ ఇక్కడ ఒక మహా సముదాయం కడతానని ప్రకటించింది. పోర్చుగీసు పొడి అక్షరాల్లో దాని పేరు ‘కాంపెర్జ్’. కాంపోస్ బేసిన్‌లోని మార్లిం క్షేత్రం నుంచి వచ్చే బరువైన ముడి చమురును రోజుకు లక్షన్నర పీపాల చొప్పున శుద్ధి చేసి, ప్లాస్టిక్కులకు కావలసిన ముడిపదార్థాలు తయారుచేయడం లక్ష్యం. స్థలం 45 చదరపు కిలోమీటర్లు. 2008లో నేల చదును చేయడం మొదలైంది. దాని వెనుక కారణం సబబైనదే. బ్రెజిల్ ముడి చమురును ఎగుమతి చేస్తూ డీజిల్‌ను దిగుమతి చేసుకుంటోంది. ధాన్యం అమ్మి బియ్యం కొనుక్కునే రైతులాంటి పరిస్థితి. దాన్ని మార్చడానికి పెర్నాంబుకో రాష్ట్రంలో అబ్రేవు ఎ లీమా రిఫైనరీ, మరాన్యావ్ రాష్ట్రంలో రోజుకు 6 లక్షల పీపాల ప్రీమియం–1, సెయరాలో 3 లక్షల పీపాల ప్రీమియం–2 కూడా తలపెట్టారు.

ఇతబొరాయి ఆ మాట నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? నిర్మాణం ఉధృతంగా ఉన్నప్పుడు దాదాపు 30,000 మంది అక్కడ పనిచేశారు. ఈశాన్య రాష్ట్రాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చాయి. ఊరి ప్రధాన వీధి మే 22 అవెన్యూలో అద్దాల కార్యాలయ భవనాలు, హోటళ్లు లేచాయి. అద్దెలు పెరిగాయి. నారింజ తోట అమ్ముకుని ఫ్లాట్లు కొన్నవాళ్లున్నారు. వెల్డింగ్ నేర్పే బడులు, రోజుకు వేలమంది కార్మికులకు వండి పెట్టే వంటశాలలు వెలిశాయి.

2014 మార్చిలో బ్రసీలియాలో ఒక పెట్రోలు బంకు కేంద్రంగా సాగిన అక్రమ డబ్బు మార్పిడి మీద పోలీసు దర్యాప్తు మొదలైంది. ‘లావా జాటో’ అని దానికి పేరు పడింది. కార్లు కడిగే చోటు అని ఆ మాటకు అర్థం. తీగ లాగితే పెట్రోబ్రాస్ కాంట్రాక్టుల డొంక కదిలింది. నిర్మాణ సంస్థలు కూడబలుక్కుని ధరలు పెంచి, ఆ పెంపులో వాటాలు అధికారులకూ పార్టీలకూ పంచిన తీరు బయటపడింది. అదే కాలంలో, ధరల పెరుగుదల కనపడకుండా ఉంచడానికి ప్రభుత్వం పెట్రోలు, డీజిళ్లను దిగుమతి ఖరీదు కన్నా తక్కువకు సంస్థ చేత అమ్మించింది. అప్పు కొండలా పేరుకుంది. 2014 చివర్లో ముడి చమురు ధర కూలింది. 2015 జనవరిలో రెండు ప్రీమియం రిఫైనరీలను కాగితం మీద ఉండగానే రద్దు చేశారు. ఆ ఏప్రిల్‌లో వెలువడిన లెక్కల్లో సంస్థ ఆస్తుల విలువను 4,400 కోట్ల రియాళ్లకు పైగా తగ్గించి రాసుకుంది. ఆ తగ్గింపులో సింహభాగం అబ్రేవు ఎ లీమా, కాంపెర్జ్‌లదే. అవినీతి పద్దు కింద 620 కోట్ల రియాళ్లు విడిగా చూపారు. లంచాన్ని ఖాతా పుస్తకంలో ఒక వరసగా రాయడం ఏ దేశ సంస్థకైనా తలవంపే. అయినా దాచకుండా రాయడం సంస్థ మళ్లీ లేవడానికి తోడ్పడిందనుకోవచ్చు.

ఇతబొరాయిలో పని ఆగిపోయింది. రిఫైనరీ ఎనభై శాతానికి పైగా పూర్తయ్యాక ఆగింది. అప్పటికే వెయ్యి కోట్ల డాలర్లకు మించి ఖర్చయింది. రోడ్ల మీద పట్టని భారీ పరికరాల కోసం సావో గోన్సాలో తీరాన రేవు, అక్కడి నుంచి ప్రత్యేకంగా ఒక దారి వేశారు. ఆ పరికరాల్లో కొన్ని ఏళ్ల తరబడి గుడ్డల కిందే పడున్నాయి. పట్టణ జనాభా 2010 లెక్కల్లో 2.18 లక్షలు, 2022లో 2.24 లక్షలు. మధ్యలో వచ్చిపోయిన వేలమంది ఈ రెండు అంకెల్లో ఎక్కడా కనపడరు. మే 22 అవెన్యూలో నడిచేవాళ్లకు మాత్రం ఇప్పటికీ కనిపిస్తారు. అద్దాల మేడల మీద ‘అద్దెకు ఇవ్వబడును’ బోర్డులు ఎండకు వెలిసిపోయి ఉంటాయి.

ఆ వీధిలోనే మధ్యాహ్న భోజనం. పళ్లెంలో అన్నం, నల్ల చిక్కుళ్ల కూర, వేయించిన మాంసం ముక్క, పక్కన ఫరోఫా. అన్నంలో పప్పు కలుపుకునే చేతికి ఈ పళ్లెం వెంటనే చుట్టమైపోతుంది. చిక్కుళ్లు మెత్తగా, వెల్లుల్లి వాసనతో చిక్కగా ఉంటాయి. ఫరోఫా అంటే కర్రపెండలం పిండిని వెన్నలో వేయించిన పొడి. అన్నంలో కందిపొడి చల్లుకున్నట్టు దాన్ని పైన చల్లుకుంటారు. కర్రపెండలం పుట్టిల్లు ఈ ఖండమే. పోర్చుగీసు ఓడలెక్కి వలస పోయిన ఆ దుంప చివరకు గోదావరి జిల్లాల మెట్టభూముల్లో పాతుకుని, సామర్లకోట చుట్టుపక్కల మిల్లుల్లో సగ్గుబియ్యమైంది. పలాస జీడిమామిడిదీ ఇదే దారి. భోజనమయ్యాక చిన్న గ్లాసులో కాఫీ, అప్పటికే చక్కెర కలిపి, చాలాచోట్ల డబ్బు తీసుకోకుండా ఇస్తారు. ఖాళీ హోటల్లోనూ ఆ గ్లాసు ఆగదు.

రియో రాష్ట్రంలో గ్యాసుతో నడిచే కార్లు దేశంలో మరెక్కడా లేనన్ని. టాక్సీ బంకులో ఆగగానే ప్రయాణికులందరూ దిగి పక్కన నిలబడాలి, భద్రతా నియమం. విజయవాడలో సీఎన్జీ ఆటో ఎక్కినవాళ్లకు ఇది అలవాటే. వంటింటి గ్యాసు మాత్రం ఇక్కడా బండల్లోనే వస్తుంది. మన బండలో 14.2 కిలోలుంటే వీళ్ల బండలో 13. బ్రెజిల్‌లో చాలా ఊళ్లలో బండల లారీ వీధిలోకి వస్తూ బీతోవెన్ పియానో పాటను మైకులో వినిపిస్తుంది. ఆ సంగీతం వినపడగానే గృహిణులు గుమ్మాల్లోకి వస్తారు. పెట్రోబ్రాస్ పెట్టుబడి శుద్ధి నుంచి గ్యాసుకు మళ్లడమంటే సామాన్యుడికి కనిపించేది ఈ కారూ, ఈ బండా.

పట్టణానికి ఉత్తరాన పల్లపు పచ్చికబయళ్లు. మకాకు నది వంకరలు తిరుగుతూ అఖాతంలో కలిసేచోట గ్వాపిమిరిం మడ అడవులు. 1984 నుంచి రక్షిత ప్రాంతం. అఖాతం చుట్టూ మిగిలిన మడల్లో ఇవే నిండైనవి. బురదలో చేయి భుజం దాకా దించి కలుగులోంచి పీతను తీసేవాళ్లు ఇక్కడ బతుకుతున్నారు. కోరింగ మడల్లో పీతల వేట చూసినవాళ్లకు ఆ చేతి కదలిక వేరుగా తోచదు. ఈ మడలకూ కొండలకూ మధ్య పచ్చిక మీద హఠాత్తుగా ఉక్కు స్తంభాలు లేస్తాయి. ఒకనాటి కాంపెర్జ్ ఇదే.

2018లో సంస్థ ఇక్కడ రిఫైనరీని చైనా జాతీయ చమురు సంస్థ సీఎన్‌పీసీతో కలిసి పూర్తి చేయాలనుకుంది. 2019 చివర్లో లెక్కలు వేసి, గిట్టదని వదిలేసింది. అదే ఏడాది, మొత్తం శుద్ధి సామర్థ్యంలో సగం వరకూ ఉండే ఎనిమిది కేంద్రాలను అమ్ముతానని పోటీ నియంత్రణ సంస్థకు మాట ఇచ్చింది. 2021లో బాహియాలోని అతి పాత రిఫైనరీ అబూదాబీకి చెందిన ముబాదలాకు 165 కోట్ల డాలర్లకు పోయింది. మరుసటి ఏడాది మనౌస్ రిఫైనరీ, పరనా రాష్ట్రంలోని షేల్ కేంద్రం చేతులు మారాయి. ఎనిమిదింటిలో అమ్ముడైనవి ఆ మూడే. ఇతబొరాయి స్థలంలో మాత్రం గ్యాస్ ప్లాంటు పని సాగింది. 2024 సెప్టెంబర్ 13న అధ్యక్షుడు లూలా దాన్ని ప్రారంభించాడు. సామర్థ్యం రోజుకు 2.1 కోట్ల ఘనపు మీటర్లు. దేశంలోని అతిపెద్ద గ్యాసు శుద్ధి కేంద్రాల్లో ఇదొకటి.

అక్కడ జరిగే పని రిఫైనరీ పని కన్నా సులువుగా అర్థమవుతుంది. రిఫైనరీలో ముడి చమురును కాచి, మరిగే వేడిని బట్టి పొరలు పొరలుగా విడదీసి, బరువైన అణువులను విరగ్గొట్టి, గంధకం తీసేసి, పెట్రోలు, డీజిల్ చేస్తారు. గ్యాస్ ప్లాంటులో వేడి బదులు చలితో పని. సముద్రం నుంచి వచ్చిన గ్యాసును బాగా చల్లబరిస్తే బరువైనవి ద్రవమై కిందికి దిగుతాయి, మీథేన్ గ్యాసుగానే మిగులుతుంది. మీథేన్ పైపుల్లో కర్మాగారాలకు, విద్యుత్ కేంద్రాలకు, టాక్సీలకు పోతుంది. ప్రొపేన్, బ్యూటేన్ వంటింటి బండల్లోకి పోతాయి. ఇంతటి ప్లాంటును నడపడానికి, ఒకనాడు ఇక్కడ పనిచేసిన ముప్పై వేలమందిలో ఏ కొద్దిమందో చాలు. ఇతబొరాయికి అసలు కష్టం ఇదే. రిఫైనరీ చుట్టూ లారీలు, ట్యాంకులు, ప్లాస్టిక్ కర్మాగారాలు, వాటి చుట్టూ ఊరు పెరుగుతాయి. గ్యాసు భూమి కింద వచ్చి, శుభ్రపడి, భూమి కిందే వెళ్లిపోతుంది. కంపెనీ లెక్కల్లో ఇది తెలివైన మార్పు. ఊరి లెక్కల్లో మాత్రం మాటిచ్చిన పెళ్లి తప్పిపోవడం.

సముదాయానికి ఇప్పుడు ‘బోవవెంతురా’ అని కొత్త పేరు పెట్టారు. ఆవరణలోనే ఉన్న సెయింట్ బోనవెంచర్ మఠం శిథిలాల వల్ల వచ్చిన పేరది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు కట్టిన మఠం, పక్కనే శాంతో అంతోనియో ది సా అనే పట్టణం. మకాకు నది మీద చక్కెర, కలప పడవల్లో రియోకు చేరిన కాలంలో అది కళకళలాడింది. 19వ శతాబ్దంలో ‘మకాకు జ్వరాలు’ వచ్చిపడి జనం చెల్లాచెదురయ్యారు, ఊరు లేకుండా పోయింది. పైకప్పు లేని గోడలు, కిటికీల్లోంచి ఆకాశం, గంట లేని గోపురం మిగిలాయి. ఒకే నేల రెండుసార్లు ఊరిని నింపి, రెండుసార్లు ఖాళీ చేసింది. కొత్త ప్లాంటుకు ఆ మఠం పేరు పెట్టినవాళ్లు ఈ సంగతి తలచుకున్నారో లేదో గానీ, రాళ్లకు ఇనుపకంచె ఆవల మెరిసే గొట్టాలను చూస్తే తలచుకోకుండా ఉండడం కష్టం.

అయితే గాలి ఒకే వైపు వీయడం లేదు. 2023లో ప్రభుత్వం మారాక రిఫైనరీల అమ్మకం ఆగింది. 2024లో నియంత్రణ సంస్థతో పాత ఒప్పందాన్ని సవరించి మిగిలినవాటిని సంస్థ తన దగ్గరే ఉంచుకుంది. బోవవెంతురాలో మధ్యలో ఆగిన పరికరాలను దూకె ది కషియాస్ రిఫైనరీతో కలిపి, తక్కువ గంధకం డీజిల్, విమాన ఇంధనం, కందెన నూనెలు తయారుచేయాలన్నది ఇప్పటి ఆలోచన. తొలి కల కన్నా చాలా చిన్నదే ఇది. దీన్ని ఇతబొరాయి ఈసారి నెమ్మదిగా, చేతులు కట్టుకుని వింటోంది. ఆ జాగ్రత్త మంచిదే.

ఇతబొరాయి నుంచి దక్షిణానికి, కొండల మధ్య అరటి తోటల గుండా రోడ్డు మరికాకు దిగుతుంది. గ్యాసు ఇదే దిక్కు నుంచి ఎదురొస్తుంది. ‘రోటా 3’, అంటే మూడో దారి, అనే పైపులైను మొత్తం 355 కిలోమీటర్లు. అందులో 307 సముద్రం కింద, 48 నేల కింద. నేల మీద పచ్చికలో అక్కడక్కడ పసుపు గుర్తు స్తంభాలు తప్ప ఏమీ కనపడవు. పశువులు ఆ గీత మీదే మేస్తుంటాయి. కోనసీమ నుంచి వచ్చినవాళ్లు అలాంటి గీతను అంత నిశ్చింతగా చూడలేరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను అంటుకుని ఇరవై మందికి పైగా నిద్రలోంచి లేచీ లేవకుండానే మంటల్లో పోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడాయి. కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాసు 2009లో గాడిమొగ దగ్గర ఒడ్డెక్కి, తెలంగాణ మీదుగా దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రయాణించి గుజరాత్ చేరింది. గ్యాసు తమ కింద నుంచి వెళ్తుంటే తమకేం మిగిలిందని గోదావరి లంకల్లో అడిగే ప్రశ్నకు ఇతబొరాయిలో కొత్తగా జవాబు దొరకదు. మరికాలో కొంత దొరుకుతుంది.

మరికా సరస్సుల ఊరు. కొండకూ సముద్రానికీ మధ్య ఇసుకదిబ్బలు, ఉప్పునీటి మడుగులు. ఈ ఊరికి ఎదురుగా, రెండు మూడు వందల కిలోమీటర్ల దూరంలో తూపీ, బూజియోస్ చమురు క్షేత్రాలున్నాయి. తీరం నుంచి సముద్రంలోకి గీసిన ఊహారేఖల మధ్య ఏ మున్సిపాలిటీ ఎదుట బావులుంటే దానికి రాయల్టీ ఎక్కువ ఇవ్వాలన్నది బ్రెజిల్ చట్టం. అందుకే మరికా ఒక్క రిఫైనరీ లేకుండానే దేశంలో అత్యధిక చమురు రాయల్టీ పొందే మున్సిపాలిటీల్లో ముందు వరసకు చేరింది. ఊళ్లో ఎర్ర బస్సులు తిరుగుతాయి, ఎవరూ టికెట్ కొనరు. ‘ముంబూకా’ అనే స్థానిక కరెన్సీ కార్డులో పేద కుటుంబాలకు నెలనెలా డబ్బు పడుతుంది, దాన్ని ఊళ్లోని దుకాణాల్లోనే ఖర్చు పెట్టాలి. కిరాణా కొట్టు, మందుల షాపు, రొట్టెల దుకాణం, అన్నిచోట్లా ఆ కార్డు చెల్లుతుంది. కొండకు అటువైపు ఇతబొరాయి, ఇటువైపు మరికా. ఒక ఊరు రిఫైనరీ మీద తన భవిష్యత్తు కట్టుకుంది. మరో ఊరికి పటం మీద గీసిన గీత భవిష్యత్తు ఇచ్చింది. న్యాయమా అంటే కాదు. అయితే వచ్చిన డబ్బును బస్సుల్లోకీ వంటింట్లోకీ నేరుగా పంపిన ఊరు అనుకరించదగ్గదే.

ప్రయాణం చివర జకోనె తీరం. అలలు ఉధృతంగా విరుగుతాయి. ఇసుక మీద ముదురు రంగు రాతి పలకలు అంచులు తేలి పడుంటాయి. గవ్వలూ ఇసుకా సున్నంతో అతుక్కుని గట్టిపడ్డ తీరశిలలవి. 1832 ఏప్రిల్‌లో యువకుడైన ఛార్లెస్ డార్విన్ గుర్రం మీద ఈ దారిన వెళ్తూ వీటిని గమనించి రాసుకున్నాడు. ఇక్కడ ఓడరేవు కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు శాస్త్రవేత్తలూ స్థానికులూ ఈ రాళ్ల పేరు మీదే అడ్డుపడ్డారు.

రోటా 3 ఒడ్డెక్కేది ఈ తీరానే. గ్యాసు బయల్దేరేచోట రెండు కిలోమీటర్ల లోతు నీరు, దాని కింద రాతిపొరలు, ఆ కింద దాదాపు రెండు కిలోమీటర్ల మందాన ఉప్పు, ఆ ఉప్పు కింద చమురూ గ్యాసూ కలిసి ఉంటాయి. చమురును నౌకల్లో తీసుకుపోవచ్చు. గ్యాసుకు పైపు కావాలి. పైపు లేనంతకాలం, పెద్దమొత్తంలో బొగ్గుపులుసు వాయువు కలిసి ఉన్నంతకాలం, దాన్ని తిరిగి బావిలోకే దించడం తేలిక, పైగా ఆ ఒత్తిడితో చమురు ఇంకా పైకొస్తుంది. అందుకే బ్రెజిల్‌లో వెలికితీసిన గ్యాసులో సగానికి పైగా మళ్లీ భూగర్భానికే చేరుతోంది. 2011లో మొదటి దారి, 2016లో రెండో దారి, ఇప్పుడు ఇది. ఈ తొందరకు ఇంకో కారణం బొలీవియా. 1999 నుంచి బ్రెజిల్ పరిశ్రమలు మూడు వేల కిలోమీటర్ల పైపులో బొలీవియా గ్యాసు మీద ఆధారపడ్డాయి. 2006 మే 1న అధ్యక్షుడు ఎవో మొరాలెస్ సైనికులను పంపి, పెట్రోబ్రాస్ నడిపే క్షేత్రాలతో సహా అన్నింటినీ జాతీయం చేశాడు. మరుసటి ఏడాది పెట్రోబ్రాస్ తన రెండు బొలీవియా రిఫైనరీలను 11.2 కోట్ల డాలర్లకు ఆ దేశానికే అమ్మేసింది. పొరుగింటి పొయ్యి మీద వంట ఎన్నాళ్లు సాగుతుందన్న భయం అప్పుడు పట్టుకుంది. బొలీవియా క్షేత్రాలు తరిగేకొద్దీ అది పెరిగింది. ఈశాన్యాన సెర్జిపె తీరంలో తలపెట్టిన మరో పెద్ద గ్యాసు ప్రాజెక్టులో పెట్రోబ్రాస్‌తో పాటు మన భారత్ పెట్రోలియం, ఓఎన్‌జీసీల అనుబంధ సంస్థలకూ వాటాలున్నాయి.

జకోనెలో ఇవేవీ కనపడవు. సాయంత్రం ఇసుకలో పాతిన పొడవాటి గేలాల పక్కన మనుషులు మడత కుర్చీల్లో కూర్చుంటారు. సీసాల్లో చల్లటి మాటె తేనీరు, సంచిలో కర్రపెండలం పిండితో చేసిన తేలికపాటి బిస్కట్లు. పలకరించిన వాళ్ల ముందుకు సంచి జరుపుతారు. చీకటి పడ్డాక దక్షిణం వైపు ఎంత చూసినా చమురు నౌకల దీపాలు కనిపించవు, అవి అంత దూరం. పైపు ఇసుక దాటిన చోటును అలలు ఎప్పుడో చదును చేసేశాయి. తీరశిలల మీద నీరెక్కుతుంది, గేలాల వాళ్లు కుర్చీలు మడిచి ఎర్ర బస్సు ఆగేచోటికి నడుస్తారు.